సముద్రములోని చేపలు తరుగుచున్నవా?

సికిందరాబాదు నగరమునకు సముద్రతీరము వందలకొలది కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను మా మోండా మార్కెట్టులో సముద్రపు చేప దొరకని నెల లేదు. వంజరము, చందువ, కానాగంతలు, కవళ్ళు, సావళ్ళు, రొయ్యలు మొదలగునవి రేవుపట్టణములలో మంచుగడ్డల పెట్టెల కెక్కి, రాత్రికి రాత్రి ప్రయాణము చేసి, తెల్లవారుసరికి మన ముంగిటికి వచ్చుచుండును. సొమ్మిచ్చి కొనితెచ్చుకొని, పసుపును ఉప్పును పట్టించి కడిగి, చింతపండు పులుసులో వేయుటతో మన పని తీరినదని మన మనుకొందుము. ఆ చేప పుట్టిన చోట మరియొకటి మిగిలియున్నదా యను ప్రశ్న ప్రభుత్వమువారిది, పండితులది, బెస్తవారిది యని తలంతుము. అది యిల్లాండ్ర ప్రశ్న కూడ నని మాకు కొన్నియేండ్లుగా తోచుచున్నది. ఆ తలపోతనే సోదరీమణులకు నేడు విన్నవించుచున్నాము.

మా పుట్టినిల్లు బందరు ప్రాంతము, మెట్టినిల్లు సికిందరాబాదు. రైలుశాఖ యుద్యోగముల మూలమున ఈ యూరు చేరిన కోస్తా కుటుంబములలో మాదియు నొకటి. మా యత్తగారు బ్రతికియున్నంతకాలము ఇంటి జమాఖర్చుల పుస్తకము వ్రాయుట మానలేదు. వెలమాత్రమే గాక, తెచ్చిన సరకు మంచిచెడ్డలను గూడ ఒక్క ముక్కలో వ్రాసియుంచెడివారు. “వంజరము ఒకటి. రెండిండ్లకు పంచితిమి” అని వారి పుటలయం దున్నది. తరువాత ఆ పుస్తకము మా చేతికి వచ్చినది. “వంజరములు మూడు. మన యింటికి సరిపోయినవి” అని మేము వ్రాసితిమి. చేప పేరు మారలేదు. వండు తీరు మారలేదు. నాడొక్కటి రెండిండ్లకు వచ్చినది. నేడు మూడు చేరి యొకయింటిని గడపుచున్నవి.

ఏండ్ల తరబడి మాకు చేపలమ్ము నామెను ఈ సంగతి యడిగితిమి. “పెద్దవి ఈడిదాకా వస్తలేవమ్మా. వచ్చినయి హోటళ్లకే పోతయి” అని యామె చెప్పినది. పొరుగింటి వదినగారు మాత్రము ఆ మాట విని నవ్వి, “సముద్రమంటే మన ఊరి చెరువా వదినా, ఎండిపోవడానికి?” అనిరి. వీరిద్దరిలో ఎవరి మాట నిజము?

వదినగారి మాటను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. 1883లో లండను నగరమున జరిగిన మత్స్యప్రదర్శనమునందు థామస్ హక్స్‌లీ యను మహాశాస్త్రజ్ఞుడు ఇంచుమించుగా నిదే మాట చెప్పెను. ఆనాటి వేట పద్ధతులను దృష్టియం దుంచుకొని, కాడ్ మొదలగు గొప్ప సముద్రమత్స్యములు తరగని సంపద యనియు, మనుష్యులు పట్టుకొనునది వాని సంఖ్యలో లెక్కకు రాదనియు ఆయన తలంచెను. అటుపిమ్మట పడవలకు యంత్రములు వచ్చినవి; నైలాను వలలు వచ్చినవి; సముద్రపు టడుగును ఊడ్చుకొనిపోవు ట్రాలర్లు వచ్చినవి; నీటిలో చేపల గుంపెక్కడ నున్నదో ధ్వనితో కనిపెట్టు పరికరములు వచ్చినవి. సముద్రము పెరుగలేదు, వేట పెరిగినది.

ఇక మా పుస్తకపు సాక్ష్యమన్ననో, అదియు న్యాయస్థానమున నిలుచునది కాదు. పెద్దచేపలు సముద్రమున నుండియు, ఎగుమతికిని హోటళ్లకును పోయి మాదాకా రాకపోవచ్చును. వెల పెరిగినందున చిన్నవానినే మేము కొనుచుండవచ్చును. వంజరమను పేరుతో నొకటికంటె నెక్కువ జాతు లమ్ముడుపోవుచున్నవి. అందు కొన్ని స్వభావముచేతనే చిన్నవి. అంగడిలోని బుట్టను చూచి సముద్రమును గూర్చి తీర్పు చెప్పుట, ఒక యింటి పొయ్యిని చూచి ఊరి పంటను లెక్కగట్టుట వంటిది. అనుమానము కలుగుటకు మా పుస్తకము చాలును, తీర్పునకు చాలదు. మరి తీర్పు చెప్పువా రెట్లు చెప్పుచున్నారు?

మొదట అతివేట యననేమో తెలిసికొందము. అది రెండు విధములు. పందిరిమీది బీరకాయను పిందెగా నుండగనే కోసివేసిన, ఆ కాయ పెరిగి యిచ్చెడి కూర నష్టపోవుదుము. పాదుకు మాత్రము చేటు లేదు. చేపను ఎదుగకముందే పట్టుట ఇట్టిది. రెండవది యింతకంటె ప్రమాదకరము. పెరుగంతయు వడ్డించివేసి, రేపటి పాలలోనికి తోడు మిగుల్పని యిల్లాలుండునా? గ్రుడ్లుపెట్టు తల్లిచేపలను తోడుకైనను మిగుల్పక పట్టివేసిన, మరుసటి యేటికి పిల్లలే యుండవు. మొదటి దానిలో తూకము పోవును. రెండవ దానిలో వంశమే పోవును.

నీటిలోని చేపలను తలలెంచి లెక్కించుట యెవరితరము? కావున రేవున కెక్కిన చేపలను లెక్కింతురు. మనదేశమున ఈ పని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారిది. 1947 ఫిబ్రవరి 3వ తేదీన మండపమున స్థాపింపబడిన యీ సంస్థకు నేడు కొచ్చి ప్రధానస్థానము. విశాఖపట్నమునందు ప్రాంతీయకేంద్రము గలదు. దేశపు తీరమున వేయికి పైగా నున్న రేవులన్నిటను ప్రతిదినము తూచుట యసాధ్యము. అన్న ముడికినదో లేదో తెలియుటకు మనమొక మెతుకు పట్టి చూతుము గదా! అయితే పెండ్లివంటలో నాలుగు గుండిగలు పొయ్యిలమీద నున్నప్పుడు, ఒక గుండిగలోని మెతుకు తక్కిన మూటిని గూర్చి చెప్పజాలదు. ప్రతి గుండిగనుండియు తీసి చూడవలెను. ఆ రీతిగనే తీరమును భాగములుగా విభజించి, రేవులను దినములను పడవలను మచ్చునకు ఎన్నుకొని, లెక్కకులు అక్కడికి పోయి, ఏ వలలో ఏ జాతి యెంత పడినదో వ్రాసికొందురు. దానినిబట్టి మొత్తమును గట్టుదురు.

మొత్తము తెలిసినంతమాత్రమున సరిపోదు. నిరుడు పది పడవలు పోయి వేయి కిలోలు తెచ్చినవనుకొందము. ఈయేడు ఇరువది పడవలు పోయి పండ్రెండువందల కిలోలు తెచ్చినవనుకొందము. అంగడిలో సరకు పెరిగినది. కాని పడవ కొకటికి నిరుడు నూరు కిలోలు వచ్చినది; ఈయేడు అరువదియే. బెస్తవాని కష్టము పెరిగినది, ఫలము తగ్గినది. కావున ఎన్ని పడవలు ఎన్ని గంటలు వేటాడినవో వ్రాసికొననిదే, ఎంత పట్టుబడినదను లెక్కకు అర్థము లేదు.

ఈ లెక్కయందును ఒక మోసము గలదు. దానిని మన ఊరగాయ జాడీ చక్కగా బోధించును. నిండుజాడీలో గరిటె వేసిన ముక్కలు నిండుగ వచ్చును. సగము తగ్గినపిమ్మట వెదకి తీయవలెను. అపుడు జాడీ వెలితిపడినదని తెలియును. కాని నేర్పుగల చేయి జాడీని ఒరగబెట్టి ముక్కలన్నిటిని ఒకమూలకు చేర్చి తీసిన, ప్రతి గరిటెయు నిండుగనే వచ్చును. అడుగంటినదాక లోటు తెలియదు. గుంపులుగట్టి తిరుగు చేపలతో ఇట్లే జరుగును. సముద్రమున గుంపులు తరిగినను, మిగిలిన గుంపును పరికరములతో కనిపెట్టి దానిపైననే వల వేసిన, పడవ నిండుచునే యుండును.

అందుచే చేపల పొడవును గూడ కొలుతురు. ఒక యూరిలో పసిపిల్లలు, పడుచువారు తప్ప ముదుసలు లెవ్వరును కానరానిచో, ఇచట మనుష్యులు ముసలితనముదాక బ్రతుకుట లేదేమో యని యనుమానింపమా? వలలో పడిన చేపలలో పెద్దవి క్రమముగ కరవైనచో, అవి పెద్దవగునంతకాలము వలలు వానిని బ్రతుకనిచ్చుట లేదేమో యని యూహింపవలెను. చలిదేశములలో చేపచెవిలోని చిన్నరాతిని కోసి చూచిన, చెట్టుమ్రానునందువలె ఏటేటి వలయములు కనబడును; వయస్సు తెలియును. మన వెచ్చని సముద్రములలో ఈ వలయము లంత స్పష్టముగ నుండవు. కావున నెలనెలకు వేలకొలది చేపల పొడవులను కొలిచి, ఆ కొలతలనుండియే పెరుగుదలను ఆయువును రాబట్టు పద్ధతులను 1980 ప్రాంతమున డేనియల్ పాలీ మొదలగు శాస్త్రజ్ఞులు ఫిలిప్పీనులలో నుండి యభివృద్ధిచేసిరి. దీనితోబాటు చేపకడుపు కోసి గ్రుడ్లను పరీక్షించి, ఎంత పొడవున అది తల్లి యగునో నిర్ణయింతురు. ఆ పొడవునకు రాకమునుపే ఎన్ని పట్టుబడుచున్నవో చూచిన, తోడు మిగులుచున్నదో లేదో తెలియును.

ఈ శాస్త్రమునకును మన తెలుగు తీరమునకును పాత చుట్టరికము గలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నమున సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో, వాని తెలుగు పేళ్ళతో 1803లో గ్రంథము ప్రకటించెను. దానినిబట్టి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు కువియే మన కానాగంతకు పెట్టిన “కానగుర్త” యను పేరు నేటికిని ప్రపంచమంతటను దాని శాస్త్రీయనామమున నిలిచియున్నది. మన బెస్తపల్లెల మాట శాస్త్రమునకు పేరిచ్చినది.

చివరకు పండితులు రెండు ప్రశ్నలకు జవాబు వెదకుదురు. అవి ఇల్లాలు నెలాఖరున వేసికొను ప్రశ్నలే. పెట్టెలో నెంత యున్నది? నెలకెంత తీయుచున్నాము? పెట్టె నిండుగనే యుండి, తీయుట మాత్రము మితిమీరి యుండవచ్చును. అది రాబోవు కష్టము. పెట్టె వట్టిపోయి, తీయుట ఇప్పటికి తగ్గియుండవచ్చును. అది కోలుకొనుచున్న సంసారము. ఈ రెంటిని కలిపి ఒకటే యనుకొన్న మందు తప్పును.

లెక్క తప్పిన ఫలమెట్టిదో కెనడా దేశమునందలి న్యూఫౌండ్లాండు తీరము చూపినది. శతాబ్దములుగా కాడ్ చేపపై బ్రతికిన తీరమది. 1980ల దశాబ్దమున చిన్నపడవల బెస్తలు చేప చిన్నదగుచున్నదని, దొరకుట లేదని మొరపెట్టిరి. పెద్ద ట్రాలర్లు మాత్రము నిండి వచ్చుచుండెను. ఆ నిండుగరిటెలపై నెక్కువగా ఆధారపడిన యంచనాలు, ఉన్నదానికంటె మిక్కిలి హెచ్చుగ తేలినవి. 1992 జులై 2వ తేదీన ప్రభుత్వమువారు వేటను నిషేధింపవలసివచ్చెను. ముప్పదివేలమందికి పని పోయినది. రెండేండ్ల కని చెప్పిన నిషేధము 2024 వరకు ఎత్తివేయబడలేదు. ఆ రెండేండ్లకు సర్దుకొందమనుకొన్న తల్లులు మనుమలను చూచునంత కాలము గడచినది.

మరి మన సముద్రము మాట యేమి? పైని చెప్పిన సంస్థవారు 2022వ సంవత్సరమునకు 135 మత్స్యసమూహములను పరీక్షించి, అందు 91.1 శాతము, అనగా 123, ఆరోగ్యముగ నున్నవని తేల్చిరి. ఇది వదినగారికి సంతోషము గలిగించు వార్త, మాకును సంతోషమే. అయితే ఆరోగ్యమనగా వేటాడినను నిలదొక్కుకొనగల స్థితి యని యర్థము; మా తాతలనాటి సమృద్ధి యని కాదు. తక్కిన పండ్రెండింటిని మరువరాదు. ఈయేటి యారోగ్యము వచ్చేయేటికి హామీపత్రమును గాదు. కేరళతీరమున నూనెకవళ్ళు 2012లో నాలుగు లక్షల టన్నులకు చేరువగ పడినవి. 2021లో 3,297 టన్నులు మాత్రమే పడినవి. ఇంతటి పతనమునకు వేట యొక్కటే కారణము కాదు. సముద్రపు వేడిమి, ఆహారపు మార్పు కవళ్ళను మిక్కిలి బాధించును. అట్టి దుర్దినములలో పిల్లచేపలను గూడ పట్టుట మాత్రము మన చేతిలోని దోషము.

తరుగుదల కంతకును వలనే నిందించుట న్యాయము కాదనుటకు మన పులసయే సాక్షి. సముద్రమునుండి గోదావరిలో ఎదురీదుచు గ్రుడ్లుపెట్టుటకై పైకిపోవు ఈ చేప త్రోవకు, 1847కును 1852కును నడుమ కట్టబడిన ధవళేశ్వరపు ఆనకట్ట అడ్డమైనది. డెల్టాకు అన్నము పెట్టిన ఆనకట్టయే పులసకు దారి మూసినది. కావున కారణము తెలియక వేటను మాత్రము నిషేధించిన, బెస్తవాని కుండ ఖాళీయగునే గాని నది నిండదు.

ఈ లెక్కలో తప్పు ఎటు జరిగినను, అది ఒకే యింటిపై పడునని సోదరీమణులు గమనింపవలెను. చేపలున్నవని పొరపడిన, కొన్నియేండ్లకు వల వట్టిదై ఆ యిల్లు పస్తుండును. లేవని పొరపడి వేట నాపించిన, ఆ యిల్లు ఈనాడే పస్తుండును. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపుపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టుకొనుటకు ఇచ్చిన విరామ మది. ఆ దినములకై ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో కుటుంబమునకు 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు సాయము నిర్ణయించినది. మగవాడు వల బాగుచేసికొనుచు కూర్చుండవచ్చును. బుట్ట నెత్తికెత్తుకొని ఊరూర అమ్మి బిడ్డలను పోషించు బెస్తవనితకు మాత్రము ఆ రెండునెలలు బుట్టయే లేదు. రేపటి తోడును మనకై మిగుల్చుచున్నది ఆమె పొయ్యియే.

ఆ 61 దినములలో సికిందరాబాదు అంగడి వట్టిపోవునా? పోదు. పడమటితీరపు నిషేధము జూన్ 1 మొదలు జులై 31 వరకు. అందుచే తూర్పున వేట నిలిచిన తొలినెలన్నర ఆ తీరపు చేప వచ్చుచునే యుండును. శీతలగిడ్డంగులలోని చేప వచ్చును. చెరువుచేప యెట్లును గలదు. నగరపు టంగడియే ఒరగబెట్టిన జాడీ యని మా యభిప్రాయము. ఒక తీరము తరిగిన మరియొక తీరము, ఒక జాతి తరిగిన మరియొక జాతి, పెద్దవి తరిగిన చిన్నవి వచ్చి బుట్టను నింపుచునే యుండును. మన కెన్నడును లోటు కనబడదు. కావుననే మనము అడిగి తెలిసికొనవలసియున్నది.

మనము చేయదగినది కొంత గలదు. కేరళ ప్రభుత్వమువారు 2015లో మొదలుపెట్టి, పిమ్మట 58 జాతులకు ఇంత పొడవునకు తక్కువ పట్టరాదని హద్దు విధించిరి. కానాగంతకు 14 సెంటీమీటర్లు, నూనెకవళ్ళకు 10 సెంటీమీటర్లు హద్దు. మన తీరపు చేపకును అదే కొలతను మన వంటింట పాటించిన తప్పేమి? చౌకగ వచ్చినదని బారెడు కావలసిన వంజరపు పిల్లను జానెడుండగనే కొనుట మానుదము. అందరమును వంజరము, చందువలకే యెగబడక, కానాగంతలు, కవళ్ళు, సావళ్ళు వండుట పిల్లలకు నేర్పుదము. రుచికి గాని బలమునకు గాని అవి తీసిపోవు. నిషేధపు దినములలో చెరువుల రవ్వను, బొచ్చెను, తెలంగాణ రాష్ట్రమత్స్యమగు కొరమీనును తెచ్చుకొందము. ఏ రేవు చేప యని అడుగుదము. జవాబు తెలియకున్నను, అడుగువారున్నారని అమ్మువారికి తెలియుట మేలు.

మేమీ సంగతులన్నియు వివరించినపిమ్మట పొరుగింటి వదినగారు కొంతసేపు ఆలోచించి, “అయితే మీ అత్తగారిలాగ నేనుకూడ రాసిపెడతాను, చేప పేరు, పొడవు, వెల” అనిరి. ఒక యింటి పుస్తకము అనుమానమునకే చాలును. నూరిండ్ల పుస్తకములు చేరిన, పండితులను ప్రశ్నించుటకు చాలును. అంగడికి పోవునపుడు సంచితోబాటు ఒక టేపు గూడ తీసికొనిపోవుట సోదరీమణులకు బరువు కాదని తలంచుచున్నాము.